పాత బైక్ సిలిండర్ హెడ్డు: ఇంట్లోనే శుభ్రం చేసి పోర్టింగ్ చేసుకోవడం ఎలా

ఇక్కడ చెప్పేదంతా ఫోర్ స్ట్రోక్, ఎయిర్ కూల్డ్, సిలిండర్‌కు రెండు వాల్వులు ఉండే పాత బండ్ల హెడ్డు, అంటే సిలిండర్ పై మూత, గురించి. మీది పాత జావా, యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ అయితే ఈ పద్ధతి పనికిరాదు. ఆ ఇంజిన్లలో పోర్టులు, అంటే గాలి లోపలికీ పొగ బయటికీ వెళ్లే దారులు, హెడ్డులో కాదు, సిలిండర్ గోడలోనే ఉంటాయి. వాటి పై అంచు కాస్త పైకి జరిగినా పోర్టులు తెరుచుకుని మూసుకునే టైమింగే మారిపోతుంది.

మనం చేయబోయేవి రెండు పనులు. ఏళ్ల తరబడి పేరుకున్న కార్బన్, జిడ్డు, తుప్పు వదిలించడం ఒకటి. పోత పోసినప్పుడు, మెషీన్ చేసినప్పుడు పోర్టులో మిగిలిపోయిన మెట్లు, అతుకు గీతలు తీసేసి గాలి సాఫీగా మలుపు తిరిగేలా దారి దిద్దడం, అంటే పోర్టింగ్, రెండోది. పోర్టును వెడల్పు చేయడం ఇందులో లేదు. చాలామంది చెయ్యి జారేది అక్కడే.

పాత ఇంజిన్లు తక్కువ ఆర్‌పీఎమ్‌లో బలం చూపేలా తయారయ్యాయి. పోర్టు వెడల్పు పెంచితే ఆ ఆర్‌పీఎమ్‌లో గాలి వేగం పడిపోతుంది. వేగంగా వచ్చే గాలికి ఊపు ఉంటుంది. పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి బయల్దేరినా, వాల్వు మూసుకునేలోపు ఆ ఊపుతోనే ఇంకొంత గాలి, పెట్రోలు మిశ్రమం లోపలికి దూరుతుంది. వేగం పోతే ఆ లాభమూ పోతుంది. పెట్రోలు తుంపర్లు గోడలకు అంటుకుంటాయి, బండి నెమ్మదిగా వెళ్లేటప్పుడు గుక్కలు పెడుతుంది. ఇంగ్లండ్‌లో హ్యారీ వెస్లేక్ అనే ఇంజినీరు 1920ల నుంచే గాలి ప్రవాహాన్ని పరికరంతో కొలిచి మరీ హెడ్డులు దిద్దేవాడు. మన దగ్గర ఆ పరికరం (ఫ్లో బెంచ్) ఉండదు కాబట్టి, కొలవకుండానే లాభమని గట్టిగా చెప్పగల మార్పులు మాత్రమే చేయాలి.

కావలసినవి

వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్, వెర్నియర్, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు), వంపు లేని స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్, స్పీడు తగ్గించుకోగల డై గ్రైండర్, పొడవాటి కాడ ఉండి లోహం చెక్కే కార్బైడ్ బర్‌లు, 60, 80, 120 గ్రిట్ ఎమెరీ రోల్స్, వాల్వ్ గ్రైండింగ్ పేస్టు, రబ్బరు కప్పు ఉన్న లాపింగ్ కర్ర, ఇత్తడి బ్రష్షులు, కిరోసిన్. హెడ్డు అల్యూమినియంది అయితే పళ్లు వెడంగా ఉండే బర్ కొనండి. సన్న పళ్ల బర్ అల్యూమినియంతో క్షణాల్లో పూడిపోతుంది. పోత ఇనుముకు సన్న పళ్లదే సరైనది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ కూడా పక్కన ఉండాలి. నేనిచ్చే కొలతలు మామూలుగా వాడుకలో ఉన్నవి, మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టించుకోండి.

కళ్లద్దాలు, దుమ్ము మాస్కు లేకుండా గ్రైండర్ ఆన్ చేయకండి. సన్నటి అల్యూమినియం పొడికి నిప్పంటుకునే గుణం ఉంది. ఆ పొడి పడి ఉన్న చోట ఇనుము గ్రైండ్ చేసి నిప్పురవ్వలు లేపకండి. కిరోసిన్ గిన్నెనూ దూరంగా పెట్టండి.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్డు నట్లు ముట్టుకోండి. ఒక నట్టు మొత్తం విప్పేసి ఇంకోదానికి వెళ్లకూడదు. ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రావాలి, లేకపోతే హెడ్డు వంగుతుంది. నట్లు తీసినా హెడ్డు రాకపోతే జాయింట్‌లో స్క్రూ డ్రైవర్ దూర్చి ఎత్తకండి, చల్లబరిచే రెక్కల్లాంటి ఫిన్ల కింద అసలే వద్దు. పోర్టు దగ్గర మందంగా ఉన్న చోట చెక్క ముక్క ఆనించి, దాని మీద సుత్తితో మెల్లగా కొట్టండి.

సైలెన్సర్ పైపు స్టడ్లు సాధారణంగా తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటాయి. ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేయండి. మర్నాడు చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేసి, మొదట ఒక్క పిసరు బిగించి, ఆ తర్వాత విప్పండి.

స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టే ముందు ఒక చిన్న పని ఉంది. స్ప్రింగు పై కప్పు మీద సాకెట్ ఉంచి సుత్తితో ఒక దెబ్బ వేయండి. ఏళ్లుగా కప్పుకు పట్టేసుకున్న కాటర్లు (కప్పును వాల్వు కాడకు బిగించి ఉంచే చిన్న ముక్కలు) వదులవుతాయి. కాటర్లు ఎగిరిపోకుండా పైన గుడ్డ కప్పండి. వాల్వు బయటకు లాగే ముందు కాడ కొస వేలితో తడమండి. వాల్వును నొక్కే రాకర్ దెబ్బలకు ఆ కొస విచ్చుకుని అంచులు లేచి ఉంటాయి. అలాగే లాగితే ఆ అంచు గైడు (కాడ కదిలే గొట్టం) లోపలంతా గీరుకుంటూ వస్తుంది. సన్న ఆకురాయితో ఆ అంచు తీసేశాకే లాగండి. ఏ వాల్వు, ఏ స్ప్రింగు, ఏ కాటర్లు ఎక్కడివో వేరు వేరు కవర్లలో పెట్టి పేర్లు రాసుకోండి.

శుభ్రం చేయడం

ముందుగా అయస్కాంతం పెట్టి చూసి హెడ్డు ఇనుమా, అల్యూమినియమా తేల్చుకోండి. అల్యూమినియం అయితే కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వద్దు. అది లోహాన్ని తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ఓవెన్ క్లీనర్లలోనూ చాలావాటిలో అదే సోడా ఉంటుంది, లేబుల్ చదవండి.

కంబస్షన్ ఛాంబర్‌లో కార్బన్ గీకేటప్పుడు వాల్వులను మళ్లీ వాటి చోట్లలో కూర్చోబెట్టండి. వాల్వు తల ఆని మూసే సీట్లకు గీతలు పడవు. కిరోసిన్ గానీ కార్బన్ క్లీనర్ గానీ పోసి నానబెట్టి, గట్టి చెక్కతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకండి. మిగిలినదానికి ఇత్తడి బ్రష్షు. డ్రిల్లుకు స్టీలు తీగల బ్రష్షు తగిలించి రుద్దితే పని చకచకా అయిపోతుంది, హెడ్డు జాయింట్ ముఖం కూడా దానితోపాటే పోతుంది.

బయట ఫిన్ల మధ్య గట్టిపడిన మట్టి, నూనె కిరోసిన్ బ్రష్షుతోనే వస్తాయి. కొత్త దానిలా మెరవాలంటే బ్లాస్టింగ్‌కు ఇవ్వొచ్చు. నీళ్లు కలిపి చేసే వేపర్ బ్లాస్టింగ్ అల్యూమినియం మీద అందంగా వస్తుంది. కానీ అందులోనూ గాజు పూసలే ఉంటాయి. నూనె దారుల్లో ఒక్క పూస ఇరుక్కున్నా తర్వాత బేరింగులకు ముప్పే. కాబట్టి ఇచ్చే ముందు ప్రతి రంధ్రం, ప్రతి మర మూసేయాలి, వచ్చాక అన్నీ తెరిచి కడగాలి. బేకింగ్ సోడాతో చేసే బ్లాస్టింగ్ నాకు ఎక్కువ నచ్చుతుంది. అంత మెరుపు రాదు, కానీ మిగిలిపోయిన సోడా వేడి నీళ్లలో కరిగిపోతుంది.

ఈ హెడ్డు మీద కష్టపడటం దండగ కాదు కదా?

గ్రైండర్ తీసే ముందు ఇది తేల్చుకోవాలి. రెండు వాల్వు సీట్ల మధ్య, సీటుకూ ప్లగ్గు రంధ్రానికీ మధ్య వెలుతురులో పగుళ్లు వెతకండి. అనుమానంగా ఉంటే డై పెనెట్రెంట్ స్ప్రే వాడండి, సన్న పగులు రంగు గీతలా బయటపడుతుంది. ప్లగ్గు మరలు అరిగిపోయాయా, వాల్వు సీటు రింగు కదులుతోందా చూడండి. పగులు ఉన్నా రింగు వదులుగా ఉన్నా అది మెషీన్ షాపు పని. అక్కడ బాగుపడుతుందని తేలాకే మీ పని మొదలుపెట్టండి.

వాల్వును సీటు నుంచి 10 మి.మీ. పైకి లేపి పక్కలకు ఊపి చూడండి. కాడకూ గైడుకూ మధ్య ఖాళీ ఇన్‌లెట్ వైపు సుమారు 0.02 నుంచి 0.05 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు అంతకన్నా కాస్త ఎక్కువ ఉండటం మామూలు. తల టకటక ఊగుతుంటే గైడు అయిపోయిందన్నమాట. అలాంటి గైడుతో సీటు ఎంత బాగా గ్రైండ్ చేసినా నిలవదు, ఎందుకంటే వాల్వు ప్రతిసారీ వేరే చోట కూర్చుంటుంది.

అందుకే పనుల వరస ముఖ్యం. గైడు మార్చాలా వద్దా అన్నది మొదట. తర్వాత పోర్టింగ్. సీటు కటింగ్, లాపింగ్ (పేస్టుతో వాల్వునూ సీటునూ ఒకదానితో ఒకటి రుద్ది కలపడం) చివర్లో. సీటు కట్ చేసే పనిముట్టు గైడునే ఆధారం చేసుకుని తిరుగుతుంది కాబట్టి గైడు మారిస్తే సీటు మళ్లీ కట్ చేయాల్సిందే. పోర్టింగ్‌లో బర్ జారి సీటుకు గాటు పడినా, ఆ తర్వాత వచ్చే కటింగ్‌లో పోతుంది.

పోర్టింగ్

వాల్వు తెరుచుకున్నప్పుడు గాలి దూరే సందు వైశాల్యం అంటే వాల్వు చుట్టుకొలతను లిఫ్టుతో (వాల్వు లేచే ఎత్తుతో) గుణిస్తే వచ్చేది. 40 మి.మీ. వాల్వు 10 మి.మీ. లేస్తే అది సుమారు 1257 చదరపు మి.మీ. 40 మి.మీ. వృత్తం వైశాల్యమూ అంతే. అంటే లిఫ్టు వాల్వు వ్యాసంలో పావు వంతుకు చేరేదాకా ఇరుకైన చోటు పోర్టు కాదు, వాల్వు దగ్గరి సందే. చాలా పాత ఇంజిన్లలో లిఫ్టు ఆ పావు వంతు చుట్టుపక్కలే ఆగుతుంది. అందుకే వాల్వు సీటుకు పైనా కిందా ఉండే రెండు మూడు సెంటీమీటర్ల మేరలో చేసిన పనికే ఫలితం ఎక్కువ. కార్బురేటర్ వైపు నున్నగా మెరిపించడం చూడ్డానికి బాగుంటుంది, అంతే.

ఇన్‌లెట్‌తో మొదలుపెట్టండి. సీటు రింగు లోపలి అంచు కింద వేలు పెట్టి తడమండి. రింగూ పోత లోహమూ కలిసే చోట మెట్టు తగులుతుంది. మార్కర్‌తో ఆ చుట్టూ రంగు పూసి, బర్‌తో మెట్టును మాత్రమే తీసి, రింగు నుంచి కింది గిన్నెలాంటి భాగంలోకి ఎక్కడా విరుపు లేకుండా కలిపేయండి. అక్కడి గొంతు వ్యాసం వాల్వు వ్యాసంలో 85 నుంచి 90 శాతం మధ్య ఉంటే చాలు. 40 మి.మీ. వాల్వుకు 34 నుంచి 36 మి.మీ. ఇప్పటికే అంత ఉంటే ఇంకా తవ్వకండి. వాల్వు కూర్చునే ముఖానికి కనీసం 1 మి.మీ. దూరంలోనే బర్ ఆగిపోవాలి.

తర్వాత గైడు చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే పోత దిమ్మ. గాలి నేరుగా దాన్ని ఢీకొంటుంది. దాని పక్కలను చెక్కి, గాలి వచ్చే వైపు గుండ్రంగా, వెళ్లే వైపు సన్నగా నీటి చుక్క ఆకారంలోకి తీసుకురండి. ఇన్‌లెట్‌లో ఈ మార్పు బాగా పనిచేస్తుంది. ఎగ్జాస్ట్‌లో మాత్రం చెయ్యి వెనక్కి లాగండి. అక్కడి గైడూ దాని దిమ్మా వాల్వు కాడ వేడిని హెడ్డులోకి చేరవేస్తాయి. కాబట్టి గరుకులు మాత్రమే తీయండి, గైడు పొడవు తగ్గించకండి.

పోర్టు లోపలి మలుపు, అంటే గాలి అడుక్కు ఆనుకుని వాల్వు వైపు చటుక్కున తిరిగే చోటు, అన్నిటికన్నా సున్నితమైనది. అక్కడ గాలి గోడను వదిలేసి సుడులు తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ మలుపును కిందికి తవ్వితే అది ఇంకా నిటారుగా తయారవుతుంది, ప్రవాహం మునుపటికన్నా తగ్గుతుంది. అక్కడ బర్ వాడకండి. 80 గ్రిట్ ఎమెరీ రోల్‌తో పదునైన అంచును గుండ్రంగా చేసి ఆపేయండి. పోర్టు అడుగును మొత్తంగా ముట్టుకోకపోవడమే మంచిది.

ఇక మిగిలింది కార్బురేటర్ మానిఫోల్డు (కార్బురేటర్‌ను హెడ్డుకు కలిపే గొట్టం), పోర్టు కలిసే చోటు. గ్యాస్కెట్ పెట్టి గీత గీసి దాని మేరకు కొట్టేయడం చాలామంది చేసే పని. కానీ గ్యాస్కెట్ రంధ్రం పోర్టు కన్నా బాగా పెద్దదిగా ఉండొచ్చు. దాన్ని అనుసరిస్తే పోర్టు మూతి గంటలా విచ్చుకుని, అక్కడే గాలి వేగం పడిపోతుంది. మానిఫోల్డు రంధ్రాన్నే కొలవండి. గాలి వెళ్లే దారికి అడ్డంగా నిలబడే మెట్టు ఉండకూడదు. మానిఫోల్డు కన్నా పోర్టు ఒక వెంట్రుకవాసి పెద్దదైతే నష్టం లేదు, చిన్నదైతే ఆ అంచు తీసేసి 10, 15 మి.మీ. లోతు వరకు కలపండి. ఎగ్జాస్ట్ వైపూ లెక్క ఇదే: పోర్టు కన్నా పైపు పెద్దదిగా ఉండొచ్చు. అక్కడి మెట్టు వెనక్కి తన్నే వాయువును కొంత ఆపుతుంది కూడా. దాన్ని సరిచేయాలని పోర్టు తవ్వకండి.

గ్రైండర్ పట్టుకునే తీరు గురించి కొంచెం. బర్‌ను ఒకే చోట ఆపకండి, గుంత పడుతుంది. ఎప్పుడూ కదులుతూ ఉండాలి, బరువు వేయకూడదు. బర్ తిరగకముందే లోపల పెట్టి, అప్పుడు స్విచ్ నొక్కండి. తిరుగుతున్న బర్‌ను బయటకు తీస్తే అది సీటునో జాయింట్ ముఖాన్నో కొరుకుతుంది. అల్యూమినియం బర్ పళ్లలో ఇరుక్కోకుండా మధ్య మధ్య మైనం గానీ డబ్ల్యూడీ-40 గానీ రాయండి. స్టడ్డు రంధ్రాలు, పుష్‌రాడ్ దారి, నూనె దారి పోర్టు గోడకు ఎంత దగ్గరో ముందే చూసుకోండి. ఆ వైపు గోడ పలచగా ఉంటుంది, అక్కడ గరుకు తీయడంతో ఆగండి. మిగతా చోట్ల కూడా 1 మి.మీ. కన్నా ఎక్కువ లోహం తీయాల్సి వస్తుంటే, మీరు దిద్దడం మానేసి కొత్త ఆకారం చెక్కుతున్నారని అర్థం. కన్ను మోసపోతుంది, వేలి కొసను నమ్మండి.

ట్విన్ సిలిండర్ అయితే రెండు పోర్టులూ ఒకేలా ఉండాలి. ఒకటి పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టొద్దు. ఒక్కో దశనూ రెండింటిలో చేసుకుంటూ వెళ్లండి. అట్టముక్కను పోర్టు ఆకారానికి కత్తిరించి రెండింట్లోనూ పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

చివరి నునుపు: ఇన్‌లెట్‌ను 80 గ్రిట్ దగ్గర వదిలేయండి. అద్దంలా మెరిసే ఇన్‌లెట్ వల్ల లాభం లేదు, కాస్త గరుకుగా ఉంటేనే గోడకు అంటిన పెట్రోలు మళ్లీ గాలిలో కలవడానికి వీలవుతుంది. ఎగ్జాస్ట్‌ను మాత్రం 120 దాకా, ఓపికుంటే ఇంకా పైకి వెళ్లి నున్నగా చేయండి. కార్బన్ అంత త్వరగా పట్టదు.

కంబస్షన్ ఛాంబర్

ఇక్కడ పని తక్కువ. పాత వాల్వులు సీట్లలో పెట్టి, పదునైన అంచులు, ఛాంబర్‌లోకి పొడుచుకొచ్చిన ప్లగ్గు మర చివర్లు గుండ్రంగా చేయండి. అలాంటి మొనలు ఎర్రగా కాలి, స్పార్కు రాకముందే మిశ్రమాన్ని అంటిస్తాయి. అంతకుమించి లోహం తీస్తే కంప్రెషన్ తగ్గుతుంది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు ఉన్న పాత బుల్లెట్ 350నే తీసుకోండి, పిస్టన్ తుడిచే పరిమాణం 346 సీసీ. పైన మిగిలే ఖాళీ 58 సీసీ అనుకుంటే కంప్రెషన్ నిష్పత్తి 6.97. ఛాంబర్‌లో 2 సీసీ లోహం పోయిందంటే అది 6.77కు దిగుతుంది. కష్టపడి చేసిన పోర్టింగ్ లాభంలో కొంత ఇక్కడే పోతుంది.

సీట్లు, లాపింగ్

పోర్టింగ్‌కు పేరు ఎక్కువ కానీ, పాత హెడ్డు మళ్లీ ప్రాణం పోసుకునేది మంచి సీటు పనితోనే. రెండింట్లో ఒకటే చేయగలనంటే సీట్లే చేయించమంటాను.

చాలా ఇంజిన్లలో సీటు కోణం 45 డిగ్రీలు, కొన్నింటిలో ఇన్‌లెట్‌కు 30. 45 డిగ్రీల సీటుకు పైన 30, కింద 60 డిగ్రీల కోతలు కూడా వేస్తే సీటు వెడల్పు అదుపులో ఉంటుంది, గాలీ మెత్తగా తిరుగుతుంది. ఈ మూడు కోణాల కటింగ్ మెషీన్ షాపులో చేయించుకోండి. చేత్తో తిప్పే కట్టర్లు దొరుకుతాయి కానీ, ఒక్క హెడ్డు కోసం కొనడం, వాటి మీద చెయ్యి తిరగడం రెండూ గిట్టుబాటు కావు. ఇన్‌లెట్ సీటు వెడల్పు 1.0 నుంచి 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌ది 1.5 నుంచి 2.0 మి.మీ. మామూలు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే వదిలించుకుంటుంది. అందుకే గాలి కోసమని ఆ సీటును సన్నగా చేస్తే వాల్వు కాలిపోతుంది. సీటు రింగులు లేని పాత పోత ఇనుము హెడ్డు అయితే, అది సీసం కలిపిన పెట్రోలు రోజుల్లోది. సీసం లేని పెట్రోలుతో ఎగ్జాస్ట్ సీటు క్రమంగా అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. షాపుకు ఇచ్చినప్పుడే గట్టి రింగు వేయించండి.

లాపింగ్ మీరే చేయండి. సీటు కొత్తగా కట్ చేసి ఉంటే సన్న పేస్టు ఒక్కటే చాలు. వాల్వు ముఖం మీద మూడు నాలుగు చోట్ల చుక్కలుగా పెట్టండి, కాడకు అంటనీయకండి. కాడకు నూనె రాసి వాల్వు దింపి, లాపింగ్ కర్రను అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పండి. కొన్ని తిప్పుల తర్వాత వాల్వు లేపి, పావు చుట్టు తిప్పి మళ్లీ పెట్టండి. పేస్టు గరగర శబ్దం తగ్గగానే తుడిచి చూడండి. రెండింటి మీదా తెగకుండా బూడిద రంగు రింగు కనిపిస్తే అయిపోయినట్టే. ఇంకా రుద్దితే వాల్వు ముఖం మీద గాడి పడుతుంది. రింగు ఒక పక్క తెగి ఉంటే పేస్టుతో సరిచేయాలని చూడకండి. సీటు కటింగ్ వంకరగా ఉందనో, వాల్వు వంగిందనో లెక్క.

జాయింట్ ముఖం, కడగడం

స్ట్రెయిట్ ఎడ్జ్‌ను ముఖం మీద అన్ని దిక్కులా, మూల నుంచి మూలకూ పెట్టి, కింద 0.05 మి.మీ. ఫీలర్ దూరుతుందేమో చూడండి. దూరితే మందపాటి గాజు పలక మీద 320 గ్రిట్ ఎమెరీ పేపరు పరిచి, కిరోసిన్ చల్లి, హెడ్డును ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దండి. సిలిండర్ పై అంచు దిగే గాడి ఉన్న హెడ్డుకు ఈ పద్ధతి పనికిరాదు, దాన్ని లేత్ మీదే చేయాలి.

ఇప్పుడు కడగడం. పేస్టు, ఎమెరీ, అల్యూమినియం పొడి మూడూ ఇంజిన్‌ను అరగదీసేవే. వేడి నీళ్లు, డిటర్జెంట్, సన్న బ్రష్షుతో గైడ్లు, నూనె దారులు, మర రంధ్రాలు అన్నీ తోమండి. గాలి కొట్టండి. తెల్ల గుడ్డ దూర్చి తీస్తే మరక రాకూడదు. వస్తే మళ్లీ మొదటి నుంచి. ఆరగానే ఇనుప భాగాలకు నూనె రాయండి, సీట్లు తుప్పు పట్టడానికి ఎంతో సేపు పట్టదు.

బిగించి చూడటం

స్ప్రింగుల ఎత్తు వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్‌తో పోల్చండి, తగ్గి ఉంటే మార్చండి. చుట్లు ఒకవైపు దగ్గరగా ఉన్న స్ప్రింగు అయితే ఆ వైపు హెడ్డుకు ఆనాలి. సీటు కటింగ్ వల్ల వాల్వు కిందికి దిగి ఉంటే స్ప్రింగు మునుపటికన్నా వదులుగా కూర్చుంటుంది. ఆ తేడా మేరకు స్ప్రింగు కింద షిమ్ (పలచటి రింగు) వేయండి. కాడలకు నూనె రాసి బిగించాక, కాటర్లు సరిగ్గా కూర్చునేలా కాడ కొసల మీద మెత్తటి సుత్తితో తట్టండి.

హెడ్డును తిరగేసి, ప్లగ్గు బిగించి, ఛాంబర్‌ను కిరోసిన్‌తో నింపండి. కొద్ది నిమిషాల తర్వాత పోర్టుల్లో తడి లేకపోతే వాల్వులు బాగా కూర్చున్నాయి. తడి కనిపిస్తే ఆ వాల్వు ఒక్కటి విప్పి మళ్లీ చూడాలి.

కొత్త గ్యాస్కెట్ వేయండి. రాగి గ్యాస్కెట్ అయితే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారిస్తే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది. నట్లను ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన మేరకు బిగించండి. ట్యాపెట్ ఖాళీ (వాల్వు కాడకూ రాకర్‌కూ మధ్య సందు) సరిచూసి, ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి ఎక్కడా తగలడం లేదని రూఢి చేసుకున్నాకే కిక్ కొట్టండి.

గాలి ఇప్పుడు సులభంగా వస్తుంది కాబట్టి మిశ్రమంలో పెట్రోలు చాలకపోవచ్చు. కాసేపు నడిపాక ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమ రంగు బాగున్నట్టు. తెల్లగా కాలినట్టు ఉంటే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి, అప్పటిదాకా థ్రాటిల్ పూర్తిగా తిప్పకండి. మొదటిసారి బాగా వేడెక్కిన ఇంజిన్‌ను రాత్రంతా చల్లారనిచ్చి, నట్ల టార్క్ మళ్లీ చూడండి. గ్యాస్కెట్ కొంచెం అణిగి ఉంటుంది కాబట్టి అవి కాస్త తిరుగుతాయి. ట్యాపెట్లను కూడా ఆ తర్వాత మరోసారి సెట్ చేయాలి.